అవతలి గ్యాలరీ

మూడో విడత బట్టలు మిషన్‌లోంచి తీసి దులుపుతూనే సబ్బులక్క మళ్లీ గాలికిటికీ వైపు చూసింది. పొద్దుటి నుంచి అలా ఎన్నిసార్లు చూసిందో ఆమెకే లెక్క లేదు. ఆమె బట్టలుతికే ఆ గది మైదానం గ్యాలరీ మెట్ల కింద ఉంటుంది. ఏటవాలు కప్పు కావడంతో వంగకుండా గోడ దాకా వెళితే నెత్తి బొప్పి కడుతుంది. కిటికీ జానెడు ఎత్తు. అందులోంచి ఆటగాళ్ల మోకాళ్ల కింది భాగమే కనిపిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె చూసిన ఫుట్‌బాల్ అంతా పిక్కలూ బూట్లే.

ఇవాళ నది అవతలి ఊరితో మ్యాచ్. ఈ ఊరిది ఎర్రజట్టు, ఆ ఊరిది పచ్చజట్టు. బస్సెక్కితే అరగంట దూరం. అయినా ఒకరి పొడ ఒకరికి గిట్టదు. సబ్బులక్క అవతలి ఊరి పిల్ల. ఈ మైదానంలో గడ్డి కోసే మనిషిని చేసుకుని ఇక్కడికి వచ్చింది.

"అక్కా, ఇవాళ నువ్వెటు?" తలుపు దగ్గర ఆగి అడిగాడు ఆటగాళ్లకు కాళ్లు పట్టే మసాజు మనిషి. ఏటా అడుగుతాడు.

"ఎవరి చొక్కాకి బురద తక్కువైతే వాళ్లవైపు." ఏటా ఆమె చెప్పే జవాబే. ఈసారి మాత్రం చెప్పి నవ్వలేదు.

ఆమె గదికి సరిగ్గా పైన ఉన్నది అవతలి ఊరివాళ్లకు కేటాయించిన గ్యాలరీ. అక్కడ ఆమె అన్న కూర్చుంటాడు. రెండు ఊళ్లలోనూ అతన్ని 'మైకు' అనే పిలుస్తారు. పడవలకు రేకులు బిగించే పనిలో చెవులు మొద్దుబారిపోయి, లోకానికంతటికీ చెవుడే అనుకున్నట్టు అరుస్తాడు. అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని పెంచింది అతనే. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. ఆమె తన పెళ్లి మాట ఎత్తేసరికి పచ్చజట్టు ఫైనల్లో ఎర్రజట్టు చేతిలో చిత్తుగా ఓడి నాలుగు రోజులే అయింది. "లోకంలో మగాళ్లే కరువైనట్టు ఆ ఊరివాడే దొరికాడా? ఆ ఇంటి గడప తొక్కను," అన్నాడు. అన్నట్టే తొక్కలేదు. మ్యాచ్‌కు రావడం మాత్రం ఒక్క ఏడాదీ మానలేదు. గ్రౌండుకు గడప లేదుగా అన్నాడట ఎవరితోనో.

ఒక ఏడాది గేటు మనిషి చేత ఆమె క్యారేజీ పంపింది. గిన్నెలు శుభ్రంగా కడిగి తిరిగొచ్చాయి, వాటితోపాటు 'ఉప్పు తక్కువైంది' అని కబురు. ఆ రెండు మాటలూ ఆమె నెలల తరబడి నెమరేసుకుంది. తర్వాత గేటు మనిషి మారిపోయాడు. కొత్తవాడు బయటి తిండి లోపలికి రానివ్వలేదు.

ఈ నెలాఖరుకి మొగుడికి రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చేసి ఆడపడుచు ఉన్న ఊరికి పోవాలి. అది ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం. పొద్దున గడ్డి మిషన్‌కి నూనె వేస్తూ మొగుడు అన్నాడు, "ఇంటర్వెల్లో పైకెళ్లి మీ అన్నని ఇంటికి పిలువు. రానంటే నేనొస్తా. అసలు ముందు నేనే వెళ్లాల్సింది."

ఆట మొదలైంది. పైన వందల కాళ్లు దడదడలాడాయి. కప్పు నుంచి దుమ్ము రాలి ఉతికిన చొక్కాల మీద పడింది. ఆమె చెవులు రిక్కించింది. ఈలలు వినిపించాయి, డప్పులు వినిపించాయి. ఏటా వినే అన్న గొంతు మాత్రం వినిపించలేదు. జలుబు చేసిందేమో అనుకుంది. మొదటి వరసలోకి మారాడేమో అనుకుంది. పరధ్యానంలో సబ్బుపొడి రెండుసార్లు వేసింది. నురగ పొంగి నేల మీదికొచ్చి పాదాలు తడిపింది. తుడవబోయి, గుడ్డ పక్కన పడేసి మళ్లీ కిటికీ దగ్గరికి నడిచింది.

ఇంటర్వెల్ విజిల్ వినగానే చేతులు తుడుచుకుని మెట్లెక్కింది. ఇన్నేళ్లలో ఆ మెట్లెక్కడం ఇదే మొదటిసారి. అందరూ పచ్చ మఫ్లర్ల వాళ్లే. ఎర్రజట్టు బొమ్మ ఉన్న ఆమె పని చొక్కా చూసి ఇద్దరు ముగ్గురు మొహం చిట్లించారు. ఐదో వరసలో కళ్లద్దాల పెద్దాయన ఒకాయన అడిగాడు.

"ఎవరి కోసమమ్మా?"

"మైకు కోసం. నేను ఆయన చెల్లెల్ని."

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపించి, "కూర్చో తల్లీ," అన్నాడు. ఆమె కూర్చుంది.

"మూడు వారాలైంది. నిద్రలోనే పోయాడు. నీకు చెబుదామంటే అడ్రసు ఎవరికీ తెలీదు. బతికుండగా అడిగితే, 'మా చెల్లెలు గ్యాలరీ కింద ఉంటుంది, నేనరిచేదంతా దానికి వినపడుతుంది' అనేవాడు. మేమంతా వేళాకోళం అనుకున్నాం."

ఆమె మైదానం వైపు చూసింది. తిరిగి దిగుతున్న ఆటగాళ్లు నిలువునా కనిపిస్తున్నారు, తలలతో, మొహాలతో.

"నన్ను తిట్టేవాడా?"

"లేదమ్మా. మ్యాచ్ అయ్యాక దిగేటప్పుడు మాత్రం ఆ కింది తలుపు దగ్గర ఆగి చెప్పు సరిచేసుకునేవాడు. ఏటా అక్కడే తెగుతుందేంటిరా నీ చెప్పు అని మేం ఏడిపించేవాళ్లం."

విజిల్ మోగింది. ఆమె లేచి, వచ్చిన దారినే దిగింది. మిగిలిన చొక్కాలు పిండింది, ఆరేసింది, నేల తుడిచింది. బయట ఎవరో గోల్ కొట్టారు. ఎవరన్నది ఆమె పట్టించుకోలేదు.

జనం పోయాక మొగుడు లేచిపోయిన గడ్డిపెళ్లల్ని కాలితో అదుముతూ కనిపించాడు.

"పిలిచావా?"

"లేడు."

"ఈసారి రాలేదా?"

"లేడండీ."

అతని కాలు పెళ్ల మీదే ఆగిపోయింది. కాసేపటికి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత ఆమె ఒక్కతే గ్యాలరీ ఎక్కింది.

కాగితం కప్పులు గాలికి దొర్లుతున్నాయి. ఐదో వరసలో, ఇందాక తను కూర్చున్న చోట, ఒక చిన్న దిండు ఉంది. దాని మీద కూర్చున్నప్పుడు ఆమె గమనించనే లేదు. మరిచిపోయి వెళ్లారో, కావాలనే వదిలారో తెలియదు. పచ్చగుడ్డ వెలిసి బూడిదరంగుకి తిరిగింది. మూడు పక్కలా పచ్చదారం కుట్టు. నాలుగో పక్కన, పన్నెండేళ్ల పిల్లగా తను దారం అయిపోయి తెల్లదారంతో ముగించిన వంకర కుట్టు, ఒక్క పోగూ ఊడకుండా అలాగే ఉంది.