థెల్మా షెడ్డు తలుపు

ఏటి ఒడ్డున ఉండేవాళ్లకు ఏరు ఎంత పొంగిందో చెప్పడానికి రాజధాని నుంచి మనిషి రానక్కర్లేదని థెల్మా నమ్మకం. మంచు కరిగే ఏప్రిల్ నెలలో కెనడాలోని సెయింట్ జాన్ నది ఏటా ఆమె పెరట్లోకి వస్తుంది, చుట్టంలా నాలుగు రోజులుండి పోతుంది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా నీళ్లు ఎంతవరకు ఎక్కాయో ఆమె మామగారు పెరటి షెడ్డు తలుపు మీద ఉలితో గాటు పెట్టేవాడు. ఆయన తర్వాత ఉలి ఆమె భర్త ఎల్డన్ చేతికి వచ్చింది. అన్నిటికన్నా పై గాటు ఎల్డన్ పెట్టిందే. ఆ ఏడు నీళ్లు ఇంటి కిందున్న బేస్‌మెంటు గది కిటికీ అంచు తడిపి వెనక్కి తగ్గాయి. అందుకని ఆ ఇంట్లో సూత్రం ఒకటే. నీళ్లు పై గాటుకు జానెడు దూరంలోకి వస్తే సామాను సర్దుకోవాలి, అంతవరకు నిశ్చింతగా ఉండాలి.

ఎల్డన్ చనిపోయిన ఏడాదే ప్రభుత్వం కొత్త వరద పటం తెచ్చింది. మునిగే చోటని థెల్మా వీధి మొత్తానికి ఎర్రరంగు పూశారు. ఎర్రరంగు పడ్డ చోట బేస్‌మెంట్లు అద్దెకివ్వకూడదు, ఇల్లు అమ్ముదామన్నా కొనే నాథుడుండడు. చర్చి హాల్లో సభ పెడితే ఊరంతా వచ్చి పడింది. పటం పట్టుకొచ్చిన ఆఫీసర్ల ముందు థెల్మా లేచి నిలబడింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబూ? నీళ్లలో ఉండేది మేము. మాకు పటం అక్కర్లేదు, మా షెడ్డు తలుపు చాలు. ఎప్పుడు కదలాలో అదే చెప్తుంది."

హాలంతా నవ్వింది. ఆ నవ్వును ఒడిసిపట్టుకున్నవాడు గార్త్ మెక్‌ఆడమ్. ఆ ఏడు ఎన్నికల్లో ఎమ్మెల్యేగా నిలబడుతున్నాడు. మర్నాడే వచ్చి తలుపు పక్కన థెల్మాను నిలబెట్టి, తనూ నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఈ తలుపుకు తెలిసినంత రాజధాని కంప్యూటర్లకు తెలియదని ఆ ఫొటో కింద అచ్చేయించి ఇంటింటికీ పంచాడు. గెలిచాడు. పటం అటకెక్కింది. ఇళ్లు దొరక్క జనం అల్లాడుతున్నారు కాబట్టి బేస్‌మెంట్లు ఎవరైనా అద్దెకిచ్చుకోవచ్చన్నారు.

అలా థెల్మా బేస్‌మెంట్లోకి వచ్చింది జోసెట్. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసే పిల్ల. ఉద్యోగం ఉండి కూడా చలికాలమంతా కారులో పడుకుంది, అద్దెకు గది దొరక్క. థెల్మాకు కావలసింది అద్దె కాదు, ఇంట్లో మనిషి అలికిడి. పొద్దున్నే ఆ పిల్ల డ్యూటీ దిగి వస్తే టీ పెట్టి ఇవ్వడం ఆమెకు అలవాటైపోయింది.

ఈ ఏప్రిల్లో మంచు కరుగుతుండగానే వాన పట్టుకుంది. అగ్నిమాపక దళంలో పనిచేసే క్లేటన్ ఇంటింటికీ తిరుగుతూ పొద్దున్నే వీళ్ల తలుపూ తట్టాడు.

"ఏరు తొందరగా ఎక్కుతోంది థెల్మా గారూ. బలవంతం లేదు కానీ, స్కూల్లో మంచాలు వేశాం, వచ్చేయండి."

"పోయినసారీ ఇదే మాట చెప్పావు. ఆ స్కూలు మంచం మీద పడుకుంటే వరదకు పోని ప్రాణం నడుంనొప్పికి పోతుంది," అంది థెల్మా.

అతను నవ్వలేదు. పక్కింటికి వెళ్లాడు. జోసెట్ యూనిఫాంలోనే నిలబడి ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"నేను పోవాలంటారా? అక్కడ పిల్లల గోలలో నిద్ర పట్టదు. రాత్రికి మళ్లీ డ్యూటీ ఉంది."

"ఉండు, చూసొస్తాను."

థెల్మా బూట్లు తొడుక్కుని మోకాటి లోతు నీళ్లలో షెడ్డు దాకా వెళ్లింది. పై గాటుకు నీళ్లు ఇంకా మూరెడు కిందున్నాయి. తిరిగొచ్చి, "బోలెడంత టైముంది. పడుకో అమ్మాయ్. నేను లేపుతాను కదా," అంది. జోసెట్ ఫోన్లో వాళ్లమ్మతో రెండు మాటలు మాట్లాడి కిందికి దిగిపోయింది.

మధ్యాహ్నం థెల్మా పిండి కలుపుతుండగా కింద కిటికీ పగిలింది. మెట్లు దిగి గది తలుపు తోసింది. అవతలి నుంచి ఏరు తోస్తోంది. "థెల్మా గారూ" అని ఒక్క పిలుపు వినబడింది. భుజంతో తోసింది, గొంతు చించుకుని అరిచింది, పిండి చేతులతో ఆ తలుపును గుద్దింది. క్లేటన్ వాళ్లు గొడ్డలితో వచ్చేసరికి చేయవలసింది ఏమీ మిగల్లేదు.

నీళ్లు తీశాక గార్త్ కొత్త బూట్లతో వచ్చాడు. రోడ్డు వెంట ప్రతి ఇంటి ముందూ తడిసిన పరుపులు, సోఫాలు గుట్టలుగా పడి ఉన్నాయి.

"మనసు కష్టపెట్టుకోకండి థెల్మా గారూ. కనీవినీ ఎరగని వరద. పాత గుర్తులన్నిటినీ దాటిపోయిందని సభలో నేనే చెప్తాను."

"దాటలేదు, రా చూపిస్తాను," అంది థెల్మా.

షెడ్డు తలుపు మీద బురద గీత పై గాటుకు జానెడు కిందే ఆగిపోయింది. దాన్ని ఆమె అప్పటికే చాలాసార్లు చూసింది. చూసి చూసి చివరికి షెడ్డు కిందికి చూసింది. ఆ గాటు పెట్టిన వేసవిలోనే, మంచు తోసే మిషను మళ్లీ తడవకూడదని ఎల్డన్ జాకీలు పెట్టి షెడ్డును సిమెంటు దిమ్మల మీదికి ఎత్తాడు. దిమ్మ కుదురుగా కూర్చుందో లేదో పక్కన నిలబడి చెప్పింది తనే. షెడ్డుతో పాటు గాట్లూ పైకి లేచాయని మొగుడికీ తట్టలేదు, పెళ్లానికీ తట్టలేదు.

థెల్మా ఆ దిమ్మలు చూపించి సంగతంతా చెప్పింది. గార్త్ ఓసారి రోడ్డు వైపు చూశాడు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎల్డన్‌కి."

"అయితే తలుపు ఊడదీసి ఆ గుట్టలో పడేయండి. రేపు లారీ వస్తుంది. ఎవరూ అడగరు. మీ మంచికే చెప్తున్నా."

"నా మంచికే. ఫొటోలో నీ మొహం కూడా ఉంది కదా," అంది థెల్మా. అయినా అతను వెళ్లాక స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది. భయం వేసింది ఆమెకు. ఊళ్లో ఇక తల ఎత్తుకోలేనని భయం.

మర్నాడు కింది మడతబందు ఊడదీస్తుంటే వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. జోసెట్ వాళ్లమ్మ లోరెట్, కూతురి బట్టల కోసం ఉత్తరాన సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. అవే కళ్లు.

"ఆ తలుపు ఇదేనా?" అని అడిగింది లోరెట్.

థెల్మా స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"వెళ్లిపోవే అన్నాను ఫోన్లో. 'ఆవిడ నా కోసం నీళ్లలోకి దిగి షెడ్డు తలుపు చూసొచ్చిందమ్మా, నువ్వు బెంగపెట్టుకోకు' అంది."

థెల్మా బురదలోనే కూలబడి, దిమ్మలు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. లోరెట్ వంగి పై గాటు మీద వేలు పెట్టింది. అక్కణ్నుంచి దిమ్మ అడుగు దాకా నెమ్మదిగా చూసింది. రోడ్డు మీద లారీ గుట్టలు ఎత్తుకుంటోంది.

"తలుపు ఎందుకు ఊడదీస్తున్నారు?"

"దాచేద్దామని," అంది థెల్మా. "ఇక దాచను. ఇక్కడే ఉంటుంది, ఎవరడిగినా చూపిస్తాను. నన్ను..."

క్షమించమని అడగబోయింది. లోరెట్ ఆ మాట కోసం ఆగలేదు.

"లేవండి," అంది. "మా అమ్మాయి గది చూపించండి."