మావాడు చేసిన పొడి

పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని మా యజమాని వెంకటకృష్ణారావు గారి నమ్మకం. ఆయనొక్కరిదే కాదు. కొట్లో పురుగుమందు కొనే రైతు ఎవరైనా ముందు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూస్తాడు. గరగరలాడితే సంచీ అక్కడే వదిలేసి పక్క కొట్టుకి పోతాడు. అందుకని విజయవాడ ఆటోనగర్‌లోని మా చిన్న ఫ్యాక్టరీలో బలపం రాయిని పిండికంటే మెత్తగా ఆడించి, మందు కలిపి, వరి మీద చల్లే పొడి తయారుచేసేవాళ్ళం. చిక్కేమిటంటే మెత్తనయ్యేకొద్దీ పొడి తనకు తానే అంటుకుంటుంది. వానాకాలం తేమ తగిలితే చాలు, సంచీలోనే ఉండలు కట్టి వెనక్కి వచ్చేది.

ఆ ఉండల సంగతి తేల్చడానికే డెబ్భై నాలుగులో నన్ను పెట్టుకున్నారు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

గాజు పలక మీద గరాటుతో పొడి పోసి, కుప్ప ఎంత నిటారుగా నిలబడిందో కొలిచేవాణ్ణి. నిటారుగా నిలిస్తే అది జారని పొడి. వెడల్పుగా పరుచుకుంటే జారే పొడి. రాయిపొడిని ఆరబెట్టాను, జల్లెళ్ళు మార్చాను, తేమ పీల్చే సిలికా కొద్దికొద్దిగా కలిపి చూశాను. చివరికి కుదిరింది. గరాటులోంచి నీళ్ళలా దిగింది.

వెంకటకృష్ణారావు గారు అందులో చెయ్యి పెట్టి చూశారు.

"ఏమయ్యా సంజీవరావ్, మా ఆవిడ రాసుకునే పౌడరు కూడా ఇంత మెత్తగా ఉండదు. మా బావమరిది చేలో ఒకసారి చల్లిద్దాం. బాగుందనిపిస్తే నువ్వు పర్మనెంటు."

ఆ బావమరిది రామకోటేశ్వరరావు గారిది ఉయ్యూరు అవతల మా ఊరే. సంతోషించాల్సిందే. కానీ నాకు స్థిమితం లేకుండా పోయింది. గరాటు తీసేశాక కూడా ఆ పొడి కిటికీ ఎండలో చాలాసేపు తేలుతూ ఉండేది. సాయంత్రం మొహం కడుక్కుంటే ముక్కులోంచి తెల్లగా వచ్చేది. ఎవరితోనైనా చెబుదామా అనుకుంటూనే యజమానితోపాటు జీపు ఎక్కాను.

మంచు తడి ఆరకముందే చల్లాలి, అప్పుడే పొడి ఆకుని పట్టుకుంటుంది. మేము వెళ్ళేసరికి గట్టు మీద పదిమంది చేరారు. పల్చటి గుడ్డలో పొడి మూటగట్టి కర్రకి వేలాడదీసుకుని చేలో నిలబడినవాడు మా నాన్న ఏసుపాదం.

"చల్లడానికి ఇంకెవర్నీ రానివ్వలేదయ్యా మీ నాన్న," అన్నారు రామకోటేశ్వరరావు గారు.

నాన్న మా యజమానికి దణ్ణం పెట్టాడు. "మావాడు చేసిన పొడండి."

"ఏసుపాదం మావా, కొడుకు పౌడరు గదా, మొహానిక్కూడా పూసుకో. మార్తత్త మళ్ళీ పెళ్ళాడుద్ది," అన్నాడు గట్టు మీద ఒకడు. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు.

మా ఊళ్ళో పొడి చల్లేవాడెవడైనా తువ్వాలు మూతికీ ముక్కుకీ చుట్టుకుని కళ్ళు మాత్రమే బయటపెడతాడు. నాన్న తువ్వాలు మడత విప్పలేదు. అలాగే భుజం మీద ఉంది.

కర్ర ఊపాడు. ఉండ అన్నది లేకుండా పొడి బ్రహ్మాండంగా రాలింది. కానీ కిందికి దిగలేదు. గాలి లేదు. నాన్న తల చుట్టూ తెల్లగా కమ్ముకుని, ఆయన నడుస్తుంటే ఆయనతోపాటే నడిచింది. నాలుగడుగులు వేసి, కాలవ వైపు మొహం తిప్పుకుని దగ్గాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు.

"ఆపించండి సార్," అన్నాను.

"ఎందుకయ్యా, చక్కగా రాలుతుంటే?"

"రాలి తేలుతోందండి. ఆకులు చూడండి, ఏమీ అంటలేదు. మరీ మెత్తనిది బరువు లేక పైనే ఉండిపోతోంది. అదంతా చల్లేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుందండి."

"చల్లేవాడు మూతికి గుడ్డ కట్టుకోవాలి. అది పొడి తప్పా?"

ప్యాంటు మడవకుండానే చేలోకి దిగాను.

"నాన్నా, తువ్వాలు కట్టుకో."

"పోరా అవతలికి. పెద్దోళ్ళు చూస్తన్నారు."

"కట్టుకోమంటున్నానా?"

"నువ్వు చేసినదానికి నేనే ముక్కు మూసుకుంటే ఏవఁనుకుంటారు? కొడుకు చేసింది తండ్రికే పనికిరాలేదంటారు. వదులు."

నేను వదల్లేదు. కర్ర లాక్కున్నాను. మూట ఊడి బురదలో పడింది. గట్టు మీద ఇప్పుడెవరూ నవ్వలేదు.

జీపు ఎక్కుతూ వెంకటకృష్ణారావు గారు అన్నారు: "సోమవారం రా. కాస్త ముతకగా పట్టించి చూడు. రైతు వేళ్ళకేం సమాధానం చెప్పాలో కూడా నువ్వే ఆలోచించు. పర్మనెంటు సంగతి తర్వాత."

ఇంటి దగ్గర అమ్మ ఇద్దరికీ బెల్లం ముక్క పెట్టింది, దుమ్ము కడుపులోకి దిగిపోతుందని. నాన్న నాకు వీపు తిప్పి కూర్చున్నాడు.

"రేపు పాత పొడి చల్లుతారంట," అన్నాడు అమ్మతో. "నన్నే రమ్మన్నారు."

"తువ్వాలు కట్టుకుంటావా?" అన్నాను.

"పాతది నువ్వు చేసింది కాదుగా. కట్టుకుంటాలే."

అక్కడ కూర్చోలేక లేచాను. మళ్ళీ కూర్చున్నాను. సోమవారం నుంచి ముతకగా పట్టిస్తాను, సరే. ఎంత ముతకగా పట్టించినా అందులో మెత్తనిది కొంత ఉండకమానదు. అది కూడా ఈ ఊరే వస్తుంది. నేను చేసిందంటే నాన్న తువ్వాలు మడత విప్పడు.

"నాన్నా, నన్ను పొడి పనిలోంచి తీసేశారు. ఇకమీదట వచ్చేది నేను చేసింది కాదు."

అమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది.

"నిన్నా?" నాన్న ఇటు తిరిగాడు. "మరి నీకేం పనిచ్చారు?"

"ఆఫీసులో. గుమస్తా పని."

"నీ పని ఎవడికిస్తన్నారు?"

"ఎవరో గుంటూరతను."

నాన్న దగ్గు వస్తే గొంతులోనే అణుచుకున్నాడు.

"ఆడికేం తెలుసు," అన్నాడు.