జీలకర్రబెల్లం ఫోటో

"ఆటోలో ఎట్టీసి నొక్కీ. ఫోకస్ అదే సూసుకుంటాది. నువ్వేటీ ఆలోసించక్కర్లేదు," అంటాడు మా ఆయన శ్యాంసుందర్, కెమెరా నా చేతికిచ్చినప్పుడల్లా. పలాసలో స్టూడియో ఆయనది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ ఫోటోలు తీసేదీ, ఇంటికొచ్చి అన్నం వార్చి ఆల్బమ్‌లు దిద్దేదీ నేను. అట్ట మీద పేరు మాత్రం ఆయనదే. అడిగితే, "మనకి వేరేవేరే పేర్లేటే?" అని నవ్వుతాడు. నేనూ నవ్వి ఊరుకుంటాను.

ఆయన మాట వినని రోజు ఒక్కటుంది. దాని గురించే నెలరోజులుగా కుమిలిపోతున్నాను.

కంచిలి దగ్గర హిమజ పెళ్ళి. సరిగ్గా జీలకర్రబెల్లం వేళకి ఆయన కెమెరా మొరాయించింది. ఇక నా కెమెరా ఒక్కటే దిక్కు. పీటల మీద కన్యాదాతలుగా హిమజ పిన్నీ బాబాయీ కూర్చున్నారు. కన్నతల్లి జగదాంబ వెనక స్తంభం పక్కన, చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు కాబట్టి ముందుకు రాకూడదట. ఈ పెళ్ళి ఖర్చు కోసం జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. ఎన్నిసార్లు నొక్కబోయినా కెమెరా పెళ్ళికొడుకు మొహాన్నే పట్టుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. మాన్యువల్‌కి మార్చి, ఆమె కళ్ళలో తడి తేటగా కనబడేదాకా లెన్స్ రింగు తిప్పి నొక్కాను. మళ్ళీ దంపతుల మీదికి తిప్పేలోగా అక్షింతలు, అడ్డంగా జనం. ఉన్న ఒక్క ఫోటోలో వాళ్ళిద్దరూ మసక. ఆ రాత్రి నాకు గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేనిదాన్ని.

ఆల్బమ్ చూసిన హిమజ అత్తగారు సత్యవేణి స్టూడియోకొచ్చి నిలదీసింది. "ఆ పిల్ల తల్లి ముహూర్తానికి ఎదరకొచ్చీసింది. అందుకే మసకేసింది, కాదేటి?" మా ఆయన తల గోక్కుని, "అదే అయ్యుంటాదండి," అన్నాడు. నేను టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. వాటిని కడగడానికి లోపలికెళ్ళిపోయాను. ఆమె వెళ్ళాక ఆయనే అన్నాడు, "మన తప్పంటే రేపు మనల్ని పిలిసేవోడెవుడే?"

నిన్న జగదాంబ వచ్చింది. నన్ను తిట్టడానికేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఆ స్తంభం కాడికైనా రాకుండా ఉండాల్సింది తల్లీ. నా బుద్ధి గడ్డి తింది. ఆషాఢానికి పిల్లని తెచ్చుకోడానికి నన్ను రావొద్దన్నారు, ఆళ్ళ పిన్ని ఎళ్ళాలంట," అంది. తన చూపు సోకే ఫోటో పాడైందని నమ్మేసింది ఆ మనిషి. ఎవరూ చూడనామెని నేను చూశానని మురిసిపోయాను. తీరా ఆమె మీద నింద పడితే, తలొంచుకుని గ్లాసులు కడిగాను. సత్యవేణి కన్నా నేను ఏం మెరుగు?

ఈ ఉదయం పొయ్యి కట్టేసి, సత్యవేణి ఇంటికని కంచిలి బస్సెక్కాను. ఎక్కడికని ఆయన ఫోన్ చేశాడు. చెప్పాను. స్టూడియో పరువు తీస్తున్నావంటూ అరుస్తుంటే పెట్టేశాను.

సత్యవేణి కుర్చీ చూపించింది గానీ నేను కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం చాలదని భయం.

"ఆ ఫోటో పాడుసేసింది జగదాంబమ్మ కాదండి. నేనే. మీ అబ్బాయి మీంచి ఫోకస్ తీసీసి, కావాలనే ఆవిడ్ని తీసినాను."

గుమ్మం దగ్గర హిమజ కొయ్యబారిపోయింది. పిల్లకి తన పెళ్ళి ఫోటో లేకుండా చేశాను, ఆ పాపమూ నాదే.

"పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ ఒగ్గీసి ఆవిడ్నెందుకు తీసినావు?" అంది సత్యవేణి.

"పెళ్ళి సేసింది ఆవిడే కదండీ," అన్నాను.