దేవుని బిందె

రాగి హండా లోపల పేరుకొన్న తెల్లటి పెచ్చును చింతపండు పిప్పితో రుద్దుతున్న మునిరత్నమ్మకు నడవలోంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఇది పప్పా, ఇసుకా? పండ్లు ఉండేవాళ్ళకే నమిలేకి కాదు, నాకు యాడ అవుతుందమ్మే?"

ఆ మాట మునిరత్నమ్మను అన్నది కాదు. ఎనిమిది దినాల కిందట కాపురానికి వచ్చిన కోడలు సుజాతమ్మను అన్నది. అయినా హండాలో ఆమె చేయి ఆగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మూడో ఏడు అది. రెండేండ్ల కిందట చింతామణి ఊరి బయట కొత్త ఎక్స్‌టెన్షన్‌లో ఆమె భర్త, బెల్లం మండీ శ్రీనివాసప్ప, ఇల్లు కట్టి, ఇంటి లోపలికే కొళాయి వేయించినప్పుడు బంధువులంతా వచ్చి దాన్ని తిప్పి చూసి పోయారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయని మెచ్చుకొన్నారు. అద్దంలాంటి ఆ నీళ్ళు కాగితే హండాకు సున్నం పట్టేది. సబ్బు నురగ రాక, విరిగిన పాలలా బట్టకు అంటుకొనేది. తలకు పోసుకొంటే వెంట్రుకలు కొబ్బరిపీచు అయ్యేవి. ఇన్ని జరిగినా ఆ వీధిలో ఒక్కరూ కొళాయిని అనుమానించలేదు. ఊరంతా చూసి పోయిన గౌరవాన్ని తప్పు పట్టడం కంటే, ఇంట్లో ఊరకే దొరికే ఆడమనిషిని తప్పు పట్టడం సులభం. "ఇది పంచా, గోనెపట్టా?" అని శ్రీనివాసప్ప రెండేండ్లుగా భార్యను అడుగుతున్నాడు. ఈ ఎనిమిది దినాలుగా కోడలిని అడుగుతున్నాడు.

మునిరత్నమ్మకు మాత్రం కారణం తెలుసు. తెల్లవారకముందే పాత పేటలోని తోటబావి దాకా నడిచి, ఒక బిందె తీయని నీళ్ళు తెచ్చి ఆమె దేవుని గదిలో పెట్టేది. "ఇంట్లో కొళాయి పెట్టుకొని బిందె మోస్తాండావే, ఏమి పాపం చేసింటివమ్మా?" అని వీధివాళ్ళు నవ్వితే "దేవునికి" అనేది. భక్తి అన్నాక ఎవరూ నిదర్శనం అడగరు. దేవునికి ఒక చెంబు పోయేది. మిగిలినదంతా, ఎవరూ లేవకముందే, పప్పు కుండలోకి పోయేది. కోడలికి పొయ్యి అప్పగించినప్పటినుంచి మాత్రం ఆ బిందె దేవుని గది దాటలేదు.

పెండ్లయిన కొత్తలో పాత ఇంట్లోనూ అంతే. పెరటి బావి నీళ్ళకు పప్పు ఉడకదని ఆమె మూడో దినమే కనిపెట్టింది. తిట్లు తప్పించుకొనేందుకు మొదలుపెట్టిన మోత, తిట్లు తప్పినాక పొగడ్త తెచ్చింది. "మునిరత్న చేయి పడితే రాయి కూడా ఉడుకుతుంది" అని అత్త మునివెంకటమ్మ పదిమందిలో అన్న దినం, ఆ ఇంట్లో ఆమె మొదటిసారి కడుపునిండా తిన్నది. ఇరవై ఏండ్ల చాకిరికి ఆ ఇల్లు ఆమెకు ఇచ్చింది ఆ ఒక్క మాటే. దాన్ని ఆమె నగలా దాచుకొంది.

ఆ నగకు తరుగు పెట్టేలా, ఆమె పెండ్లయిన మూడేండ్లకు తోడికోడలు అక్కయమ్మ వచ్చింది. ఆమె పెరటి బావి నీళ్ళతో పప్పు పెట్టింది. ఒక కట్టెలమోపు కాలినా గింజ గింజగానే మిగిలింది. ఒక దినం పొయ్యి దగ్గర మెల్లగా అడిగింది. "నీళ్ళదేమో అక్కా. నువ్వు ఒకతూరి చూస్తావా?"

మునిరత్నమ్మ చూడలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్ల ఉండాది నీ మాట" అని, అత్తకు వినబడేటట్లు నవ్వింది. అత్త కూడా నవ్వింది. అక్కయమ్మకు రాతిచేయి అనే పేరు ఆ దినం పడింది. ఒక పెండ్లి వంటలో అక్కయమ్మ గరిటెకు చేయి చాపితే, దాన్ని తీసేసుకొన్నది ఇంకెవరో కాదు, మునిరత్నమ్మే. చాపిన చేయి కొంచెంసేపు గాలిలోనే ఉండి, తర్వాత కొంగు సర్దుకొంది. ఏడాది తిరగకముందే ఆమెను, ఆమె మొగుడిని పాతపాళ్యం మెట్టచేలకు వేరు పెట్టారు.

"శ్రీనివాసా, గౌరిబిదనూరుకు కార్డు రాయప్పా." నడవలో ముసలామె తీర్పు చెబుతోంది. "గురప్పను వచ్చి కూతుర్ని పిలుచుకొని పొమ్మను. పప్పు ఉడికించేది నేర్చుకొని రానీ. ఇంట్లో ఒక రాతిచేయిని చూసింది చాలు."

"రేపే రాస్తానమ్మా" అన్నాడు శ్రీనివాసప్ప.

మునిరత్నమ్మ లేచి వంటింటి గడప దగ్గరికి వచ్చింది. సుజాతమ్మ ఏడవడం లేదు. రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకొంటోంది. ఆ చేతుల్లో నిజంగానే ఏదో దోషం ఉందని ఆ పిల్ల నమ్మడం మొదలుపెట్టింది.

మునిరత్నమ్మ దేవుని గదిలోకి పోయి బిందె ఎత్తుకొని వచ్చింది. "కుండ కడిగి కొత్త పప్పు పోయమ్మా. ఈ నీళ్ళు పెట్టు" అని చెప్పి, తాను పొయ్యికి దూరంగా, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. దేనినీ ముట్టలేదు.

అరగంటకు పప్పు వెన్నలా మెదిగింది. సుజాతమ్మ సంగటి మీద వేసి తీసుకొని పోయింది. ముసలామె రెండు ముద్దలు మింగి, తల ఊపింది. "అట్లా చెప్పు! మునిరత్న చేయి పెట్టిండాది."

ఊరకుంటే సరిపోయేది. ఇరవై ఏండ్లుగా సరిపోయింది.

"నేను ముట్టలేదత్తా. అంతా సుజాతే చేసింది" అంది మునిరత్నమ్మ. "చేతిది కాదు, నీళ్ళది. అది తోటబావి నీళ్ళు. నేను కాపురానికి వచ్చినప్పటినుంచి వాటితోనే వండినాను."

శ్రీనివాసప్ప ముద్ద ఆపాడు. "దేవునికి అంటివి కదే?"

"దేవుడు ఒక దినమూ అడగలేదు. నేనే ఆయన పేరు చెప్పినాను."

సుజాతమ్మ ముఖంలో ఊరట వస్తుందని మునిరత్నమ్మ ఎదురుచూసింది, కొంచెం కృతజ్ఞత కూడా. వచ్చింది అది కాదు.

"ఎనిమిది దినాలు చూస్తా ఉంటివి కదత్తా" అంది ఆ పిల్ల, నెమ్మదిగా. "ఏల చెప్పలేదు?"

మరిచిపోయాననవచ్చు. తోచలేదనవచ్చు. అత్తకు భయపడ్డాననవచ్చు, అందులో కొంత నిజం కూడా ఉంది.

"నీ పప్పు ఉడకని పూట నా పప్పును తలుచుకొంటారమ్మా" అంది మునిరత్నమ్మ. "అందుకే."

సుజాతమ్మ గిన్నె తీసుకొని లోపలికి పోయింది. అరచేతుల వైపు మాత్రం చూసుకోలేదు.

మునిరత్నమ్మ చింతపండు పిప్పి అంటిన వేళ్ళను కొంగుకు తుడుచుకొంది. ఆ వేళ్ళే అప్పుడు పెండ్లి వంటలో గరిటె లాక్కొన్నవి.

"బాగేపల్లి బస్సు ఎన్ని గంటలకు?" అని భర్తను అడిగింది.

"బాగేపల్లిలో ఏముండాదే నీకు?"

"ఆడినుంచి పాతపాళ్యం పోవల్ల" అంది. "రాతిచేయి ఎవురిదో అక్కయమ్మకు చెప్పి రావల్ల."