మరాయేలో పాత కంప్యూటర్

“రేపు అందరూ వచ్చి కూర్చున్నాక తెర మీద పేర్లు పాడైపోతే ఏం చేస్తావే?” అన్నాను. అప్పటికింకా ఏదీ పాడవలేదు. నా కూతురు రిపెకా నవ్వి తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. పోయిన మా పెద్దల పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, అచ్చుల మీద దీర్ఘానికి పెట్టే గీతలతో సహా వరసగా కదులుతున్నాయి.

రేపు మా ఆచారం ప్రకారం మా అత్తగారి సమాధి రాయి మీద కప్పిన గుడ్డ తీస్తారు. తర్వాత మావాళ్లంతా కూడే సభామందిరం, మరాయేలో అందరి ముందూ ఈ పేర్లు కనిపించాలి. పోయినవాళ్ల పేరు చెడగొట్టినవాళ్లను మావాళ్లు ఓ పట్టాన మరిచిపోరు. అది నా కూతురి మీద పడుతుందనే నా భయం.

మధ్యాహ్నం మరాయేలో తెరకి కలిపి ఉన్న పాత కంప్యూటర్‌లో తను రాసిన అదే ప్రోగ్రాం పెట్టింది. గీత ఉండాల్సిన ప్రతి అక్షరం చోటా ప్రశ్నార్థకం వచ్చింది. నేను పక్కనే చిలగడదుంపలు చెక్కు తీస్తున్నాను. రిపెకా నా వైపైనా చూడకుండా ఫోన్ తీసి, “ఆంటీ, ఒకసారి రాగలవా?” అంది. అంత మెత్తగా నన్ను పిలిచి ఎన్నాళ్లయిందో.

ఆ ఆంటీ కరరైనా, దాని ఆఫీసులో పెద్ద. ఫకటానే పట్నం నుంచి కారేసుకుని వచ్చేసింది. వస్తూ వస్తూ రిపెకాకిష్టమైన, మాంసం కూరి కాల్చిన ‘పై’ కూడా తెచ్చింది. నేను వేయించిన రొట్టెలు గిన్నెలో అలాగే ఉన్నాయి. గడప తొక్కిన మనిషికి పెట్టకుండా ఉండే పద్ధతి మాకు లేదు కాబట్టి పెట్టాను, మాడిన రొట్టెలు ఏరి మరీ. ఆవిడ వాటినే మెచ్చుకుంటూ తింది. నాకు ఇంకా మండింది.

“నీ మిషన్‌కి మన భాష నువ్వే చెప్పి పెట్టుకున్నావు. ఈ పాతదానికెవరు చెప్పారు?” అంది కరరైనా.

“ఎవరూ చెప్పలేదు.”

“మరి చిన్నక్షరాన్ని పెద్దది చెయ్యమని దాన్నే అడుగుతావేం పిల్లా? ఊరికి కొత్తవాణ్ణి ఆపి దారి అడిగినట్టుంది.”

రిపెకా పకపకా నవ్వింది. ఒక్కో మిషన్ అక్షరాల్ని ఒక్కోలా మారుస్తుందట, గీత ఉన్న అక్షరం తెలియనిది ప్రశ్నార్థకం పెట్టేస్తుందట. ఏ చిన్నక్షరం ఏ పెద్దక్షరం అవుతుందో ఆ పట్టీ ప్రోగ్రాంలోనే ఉంచితే మిషన్‌ని అడిగే పనే ఉండదట. కరరైనా కీబోర్డు ముట్టుకోలేదు. అంతా రిపెకాయే రాసింది. పేర్లు చక్కగా వచ్చాయి. ఒక్కటైనా చెడి ఉంటే ఈవిడ గొప్ప తేలిపోయేది కదా అనుకున్నాను. అందులో మా అత్తగారి పేరు కూడా ఉందని ఆ తర్వాతే తోచింది.

కరరైనా వెళ్లిపోయాక పళ్ళేలు తుడుస్తూ అడిగేశాను. “కష్టమొస్తే ముందు ఆవిడే గుర్తొస్తుందా నీకు? నేను పక్కనే ఉన్నానుగా.”

అది పళ్ళేలు అరలో సర్దింది. బల్లలు తుడిచింది. టీకి పెట్టిన నీళ్లు మరిగి, చల్లారాయి కూడా. ఇక మాట్లాడదనుకుని నేను దీపాలు ఆర్పబోయాను.

“నువ్వు భయపడతావమ్మా,” అంది. “నీకు ధైర్యం చెప్పేసరికి నా ధైర్యం అయిపోతుంది.”