ముడి మావయ్య కుడిచెయ్యి

గోనెసంచుల గుట్టలోంచి ఒక పాతది లాగి, తిరగేసి, గోడకేసి కొట్టి దులిపి భార్య ఒళ్లో పడేశాడు ముడి మావయ్య. చిరుగులు ఆవిడ కుడుతుంది. బాగైన సంచులను కట్టలు కట్టడం ఆయన పని. ఆయన బిగించిన ముడి లారీలో ఎంత దూరం వెళ్లినా వదలదు. అందుకే బజారు ఆయనకు ఆ పేరు ఖాయం చేసింది. ఆ పేరూ, ఎదురుగా కూర్చున్న మనిషీ తప్ప జీవితంలో ఆయనకు గిట్టుబాటైనవి లేవు. మిగతాదంతా వచ్చిన దారినే పోయింది.

సంచుల్లో రోకలిబండ పురుగులు మామూలే. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుపోతాయి, కరవవు. వాటి రసం అంటి వేలు నల్లబడితే కడుక్కుంటాడు, మచ్చ మెల్లగా పోతుంది. ఈసారి తిరగెయ్యబోయిన సంచి అడుగున ఉన్నది జెర్రి. కుడి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టయింది.

భార్య చెప్పుతో దాన్ని చంపేలోపే, విషం ఎక్కకూడదని ఆయన మణికట్టుకు పురికొస చుట్టి, పళ్లతో లాగి ముడి బిగించాడు. సంచుల కట్టకు బిగించినట్టే.

ఆసుపత్రి చేరేసరికి చెయ్యి ఉబ్బి నీలమైంది. మనసులో బేరం మొదలుపెట్టాడు. ఒక వేలు పోతే పోనీ, చెయ్యి మిగిలితే చాలు. ముడి వెయ్యలేని మనిషిని పనిలో ఎవరుంచుకుంటారు?

"ఎవరు కట్టారిది?" అంది నర్సు.

"నేనేనమ్మా."

"జెర్రి చేసిందానికంటే మీరు చేసిందే ఎక్కువ బాబాయ్. ఈ తాడే చేతికి రక్తం అందనివ్వట్లేదు."

విప్పబోయింది. రాలేదు.

"అది రాదులే అమ్మా," అంది భార్య. "నన్నే ఇన్నేళ్లుగా వదల్లేదు."

నర్సు నవ్వాపుకుంటూ ముడి పక్కన కత్తెర పెట్టి పురికొస తెంచింది. కాసేపటికి వేళ్లకు రంగొచ్చింది. గాటు సబ్బుతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి ముంచింది. నొప్పికి మాత్ర, ధనుర్వాతం రాకుండా సూది. ఆయాసమొచ్చినా, కళ్లు తిరిగినా చెప్పమని కూర్చోబెట్టింది. ఏమీ రాలేదు. మంట నీళ్లలోకి దిగిపోతున్నట్టు తగ్గింది.

డాక్టరు చూసి, "చేతికేం ఢోకా లేదు పెద్దాయనా. వాపు అదే తగ్గుతుంది," అన్నాడు.

"మళ్లీ ముళ్లు వెయ్యొచ్చా?"

"సంచులకి వెయ్యి," అంది భార్య. "నీకు వేసుకోకు."

వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. పోయిందనుకున్న సరుకు గుమ్మంలోకి వచ్చినట్టుంది. ఆవిడ ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఎండలోకి నడిచారు.

బల్ల మీద, వేడినీళ్ల గిన్నె పక్కన, తెగిన పురికొస ఉండిపోయింది. ముడి ఇంకా బిగిసే ఉంది.