నక్ష తిప్పినవాడు

పద్నాలుగేళ్లుగా మహేశ్వర్‌ది ఒకటే పని. సర్వేయర్ హన్మంత్ వెనక టేపు పట్టుకుని నడవడం, హద్దురాళ్లు పాతించడం. ఇబ్రహీంపట్నం నుంచి మన్నెగూడ దాకా అతని చెయ్యి పడని ప్లాట్లు తక్కువే. అలాంటిది, ఈ ఏడాది హన్మంత్ ఉపగ్రహంతో లెక్క చూసే మిషను కొన్నాడు. నలుగురు రోజంతా కొలిచే భూమిని ఇప్పుడు ఒక్కడే మధ్యాహ్నానికల్లా కొలిచేస్తున్నాడు.

“నిన్ను పొమ్మంటలేను మహేశ్వర్,” అన్నాడు హన్మంత్. “గని కంప్యూటర్ మీద భూముల నక్షలు గీసేటోడు కావాలె నాకు. నేర్చుకుంటవా, వేరే పని చూసుకుంటవా, సోమారం చెప్పు.”

మహేశ్వర్‌కు అన్నం సహించలేదు. నలభై దగ్గరపడ్డ మనిషి ఇప్పుడు బడికి పోవడమా? పైగా టీవీ పెడితే చాలు, కంప్యూటర్ ఉద్యోగాలే ఊడుతున్నాయంటున్నారు. పక్క వీధి సాఫ్ట్‌వేర్ పిల్లగాడు మొన్ననే ఉద్యోగం పోయి ఇల్లు చేరి, మన్నెగూడలో ప్లాట్ల కరపత్రాలు పంచుతున్నాడు. వాళ్లు దిగిపోతున్న బస్సు తనెందుకు ఎక్కాలి? కోపం పట్టలేక టేపును పాత సామాన్ల మీదికి విసిరేశాడు. టేపు ఏం పాపం చేసిందో అతనికే తెలియాలి.

“జర ఆ నక్షలు నేర్పేకాడికి పోయి చూసి రా,” అంది భార్య యమున. “ఇట్ల కూసుని ఫికర్ చేస్తే ఆ మిషను వాపసు పోతదా?”

ఆదివారం పొద్దున వెళ్లాడు. బస్టాండు దగ్గర మేడ మీద నక్షల క్లాసు. పాఠం చెప్పేది బాలాపూర్ నుంచి వచ్చే కరుణ, పాతికేళ్ల పిల్ల. కూర్చున్న పదకొండు మందీ ఇంజనీరింగు వాళ్లే. ముందు బెంచీ కుర్రాడు “అంకుల్, ఇటు కూసోండ్రి,” అనగానే మహేశ్వర్‌కు సగం ప్రాణం పోయింది.

కరుణ అందరి ల్యాప్‌టాపుల్లో మంచాల మండలంలోని ఒక ఊరి పాత నక్ష తెరిపించింది. దాని మీద పొలాల గీతలు గీయాలి. పొలంలో నక్ష పరిస్తే మహేశ్వర్ మొదట చేసేది ఒకటే. ఉత్తరం ఎటో చూసి, కాగితం తల అటు తిప్పుతాడు. అలవాటు చొప్పున ఇక్కడా కిటికీలో ఎండ చూశాడు. ఉత్తరం తన వెనక ఉంది. ల్యాప్‌టాపు ఎత్తి అటు తిప్పేశాడు. తీగ ఊడింది. ఇప్పుడు తెర కనబడాలంటే తను బెంచీ అవతలికి పోవాలి. పోయాడు కూడా. క్లాసంతా పగలబడి నవ్వింది.

అతని ముఖం కందిపోయింది. అయినా కళ్లు తెర మీదే ఆగిపోయాయి.

“అమ్మా, ఈ ఊర్ల నేను రాళ్లు పాతిన. కట్టకు ఉత్తరాన చెరువుంటది, దక్షిణాన పొలాలు. ఇందుల చెరువు దక్షిణాన పడ్డది. నక్ష తలకిందులున్నది.”

నక్ష మీది రాత ఉర్దూ. కరుణకూ రాదు, మహేశ్వర్‌కూ రాదు; అక్షరాలు తిరగబడ్డాయని అందుకే ఎవరూ పట్టుకోలేదు. ఆమె ఆకాశం నుంచి తీసిన ఫొటో పక్కన పెట్టి చూసింది. తల పట్టుకుంది. తర్వాత నవ్వింది.

“మూడు దినాల సంది ఈ నక్ష మీద గీతలు కుదరక సస్తున్న అన్నా!”

క్లాసు అయ్యాక మహేశ్వర్ ఆగి అడిగాడు. “నిజం చెప్పమ్మా. పద్నాలుగేండ్లు టేపు పట్టినోన్ని, ఈ వయసుల నేర్చుకుంటే నాకు పనుంటదా?”

“రాసియ్యలేను. నా నౌకరికే గ్యారంటీ లేదు,” అంది కరుణ. “గీసుడు రేపు మిషనే గీస్తది కావచ్చు. అది తప్పు గీసిందని చెప్పేటోడు ఉండాలె గద. గీసుడు మూడు నెలలు సాయంత్రం వచ్చి నేర్చుకో. నీకు తెలిసింది నేర్చుకునేటందుకు నాకే పద్నాలుగేండ్లు పడ్తది.”

మెట్లు దిగుతుంటే మహేశ్వర్‌కు ఒళ్లు తేలికైంది. ఇన్నేళ్ల ఎండ వృథా పోలేదు. పాతది పారేస్తే తప్ప కొత్తది రాదని ఎవరు చెప్పారో గానీ, తను ఊరికే నమ్మి వారమంతా నలిగాడు.

ఇంటికొచ్చి పాత సామాన్లన్నీ కెలికాడు. “నా టేపు ఏది?”

యమున అల్మారా తెరిచింది. టేపు శుభ్రంగా తుడిచి ఉంది. “మళ్ల అడుగుతవని నాకెరుకే,” అంది.

సోమవారం హన్మంత్‌కు సరేనని చెప్పి, సాయంత్రం క్లాసుకు పోయాడు. ముందు బెంచీ కుర్రాడు ల్యాప్‌టాపు తెరవకుండా అతని కోసమే చూస్తున్నాడు.

“అన్నా, ఉత్తరం ఎటు?”

మహేశ్వర్ వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. ఒక్కొక్కరే లేచి ల్యాప్‌టాపులు తిప్పుకుని, బెంచీల అవతల అటు ముఖం పెట్టి నిలబడ్డారు. క్లాసు మొత్తం కరుణకు వీపు చూపించింది. ఆమె కూడా వెనక గోడ దగ్గరికి వచ్చి పాఠం మొదలుపెట్టింది.